తక్కెడ మీద చెయ్యి

జగ్గయ్యపేటలో బాలామణి నోటికి జంకని వాళ్ళు లేరు. ఆ నోటి సలహా వినకుండా పెళ్ళి సంబంధం ఖాయం చేసుకున్న వాళ్ళూ తక్కువే. ముప్పయ్యేళ్ళు పచారీ కొట్టులో కూర్చున్న మనిషి. మినప్పప్పు కోసం వచ్చిన కోడలికి అత్తతో ఎలా నెగ్గుకురావాలో చెప్పేది. కాఫీపొడి కోసం వచ్చిన అత్తకి కోడల్ని ఎలా అదుపులో పెట్టాలో చెప్పేది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళయినా ఆమెకేమీ ఇబ్బంది ఉండేది కాదు.

భర్త పోయాక కొడుకు అనిల్‌కుమార్ కొట్టుని మార్ట్ చేశాడు. ఏసీ వచ్చింది, బిల్లు కొట్టే మిషన్ వచ్చింది. జనం చక్రాల బుట్ట తోసుకుంటూ వచ్చి, కావలసినవి వాళ్ళే వేసుకుని, పెదవి కదపకుండా వెళ్ళిపోతున్నారు. బాలామణికి మాట్లాడటానికి మనిషి కరువయ్యాడు. ఆ కరువులో ఉండగానే, నందిగామలో ఒక ట్రస్టు నడిపే కౌన్సెలింగ్ సెంటర్‌కి వాలంటీర్లు కావాలన్న కాగితం ఆమె కంటపడింది. కౌన్సెలింగ్ అంటే సలహాలు చెప్పడమేగా, నాకు పుట్టుకతో వచ్చిన విద్యేగా అనుకుని మర్నాడే పేరు ఇచ్చేసింది.

ఆరు వారాలు శిక్షణ ఇచ్చింది కృష్ణప్రియ, సైకాలజీ చదివిన ముప్పయ్యేళ్ళ అమ్మాయి.

"ముందు వచ్చినవాళ్ళు తమ గోడు విప్పుకోవాలి ఆంటీ. తర్వాత అదేమిటో వాళ్ళకే అర్థం కావాలి. ఆ తర్వాతే ఏదైనా మార్చుకోవడం. మనం పక్కన నడుస్తామంతే, చెయ్యి పట్టుకుని లాగం" అనేది కృష్ణప్రియ.

బాలామణి ఇదంతా నోట్‌బుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. చివర పెట్టిన పరీక్షలో పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. రాయడానికేముంది, చింత చచ్చినా పులుపు చావదని ఊరికే అన్నారా!

మే నెలలో ఒక గురువారం ఆమెకి మొదటి మనిషిని అప్పగించారు. పేరు రూబెన్. నలభై నాలుగేళ్ళవాడు, జగ్గయ్యపేట అవతల ఒక సున్నపురాయి క్వారీలో డంపర్ డ్రైవరు. డిసెంబరు మంచులో తెల్లారుతూనే డంపర్ వెనక్కి తీస్తుంటే, వెనక నిలబడి సైగలు చేసే తిరుపతయ్య కాలు చక్రం కింద పడింది. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద తీసేశారు. విచారణ చేసి రూబెన్ తప్పేమీ లేదన్నారు. కానీ ఆనాటి నుంచి అతను బండెక్కలేదు. ఐదు నెలలు సెలవు పెట్టాడు. జూన్ ఒకటో తారీకుకి డ్యూటీలో చేరకపోతే పేరు తీసేస్తామని కబురొచ్చింది. భార్య ఆరోగ్యమ్మ అతన్ని బతిమాలి తీసుకొచ్చి, బయట బల్లమీద కూర్చుంది.

ఇక్కడ బాలామణి గురించి ఒక మాట చెప్పాలి. వ్యాపారం చేసిన ఇంట్లో బోణీ బేరం వట్టి చేతులతో పోకూడదు. పోతే ఆ రోజంతా అంతే. మామగారి కాలం నుంచీ వాళ్ళింట్లో అది వేదవాక్కు. రూబెన్ ఆమెకి బోణీ బేరం.

అతను కుర్చీ అంచున కూర్చుని, చాలాసేపు చేతులు నులుముకున్నాడు.

"అమ్మగారూ, ఆ రోజు పొద్దున..." అని ఆగిపోయాడు.

ఆ ఆగిన నిమిషం బాలామణి తట్టుకోలేకపోయింది. కొట్టు ముందు నిలబడి మాట్లాడని మనిషంటే పక్క కొట్టుకి పోయే మనిషని అర్థం.

"నాకర్థమైంది బాబూ. నీ తప్పేం లేదు, పెద్దవాళ్ళే తేల్చారుగా. నీకు ఆ బండంటే భయం పట్టుకుంది. అది మానేసి ఆటో నడుపుకో. పొద్దున్నే గంట నడువు. మీ దేవుడికి గట్టిగా ప్రార్థన చేసుకో. ఒంట్లో వేడి చేసినా బుర్ర ఇట్లాగే ఉంటుంది" అని సంచిలోంచి సబ్జా గింజల పొట్లం తీసి చేతిలో పెట్టింది. "నీళ్ళలో నానేసుకుని తాగు. చలవ."

"అలాగేనండి" అన్నాడు రూబెన్. మొత్తం మీద మూడుసార్లు అన్నాడు. పొట్లం పట్టుకుని వెళ్ళిపోయాడు. బోణీ బాగా అయిందని బాలామణి పొంగిపోయింది.

ఆ సెంటర్‌లో ఒక పద్ధతుంది. మనిషి వెళ్ళగానే ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు వచ్చినవాళ్ళు అన్న మాటలు, కుడివైపు మనం అన్న మాటలు గుర్తున్నంతవరకు రాయాలి. బాలామణి కాగితం కుడివైపు నిండిపోయి వెనక్కి తిరిగింది.

కృష్ణప్రియ అది రెండుసార్లు చదివింది.

"ఆయన వైపు మూడు 'అలాగేనండి'లు ఉన్నాయి ఆంటీ."

"మర్యాదస్తుడమ్మా."

"అంతకుముందు 'ఆ రోజు పొద్దున' అని మొదలుపెట్టారని రాశారు. ఆ రోజు పొద్దున ఏమైంది?"

బాలామణి చెబుదామని నోరు తెరిచింది. నోట్లో ఏమీ లేదు. యాభై నాలుగేళ్ళలో ఆ నోటికి అలాంటి గతి పట్టడం అదే మొదలు.

"తెలీదమ్మాయ్" అంది చివరికి, చిన్నగొంతుతో.

తరవాతి గురువారం రూబెన్ రాలేదు. ఆరోగ్యమ్మ ఫోన్ చేసింది. "మా ఆయన ఇంట్లో అసలు మాట్లాడటమే మానేశాడండీ. ఇదివరకు తిననో పడుకుంటాననో అనేవాడు, ఇప్పుడు అదీ లేదు. నందిగామ పోదాం రమ్మంటే, 'వాళ్ళు కూడా చెప్పేశార్లే' అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకటో తారీకు ఇంకెంతో లేదండి."

ఫోన్ పెట్టాక బాలామణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. తను ఆ మనిషిని వినేవాడిగా కూర్చోబెట్టి, అతని నోటికి ఉన్న ఆఖరి తలుపు కూడా మూసేసింది.

"నావల్ల కాదు. అతన్ని నువ్వే చూడు తల్లీ" అంది కృష్ణప్రియతో.

"చూస్తాను. కానీ జరిగింది ఆయనకి చెప్పాల్సింది మాత్రం మీరే ఆంటీ."

బాలామణి అరగంట ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. క్షమాపణ చెప్పడం ఆమెకి అలవాటు లేని విద్య. చివరికి నంబరు నొక్కింది.

"రూబెన్ గారూ, పోయినసారి అంతా నేనే మాట్లాడా. మీరు చెప్పబోయింది విననేలేదు. తప్పు నాది. మీకిష్టమైతే ఈ గురువారం రండి. మీకు నేనొద్దనిపిస్తే కృష్ణప్రియ మేడం ఉంటారు."

"మీరే ఉండండి. వస్తా" అన్నాడు రూబెన్.

గురువారం ఉదయం జగ్గయ్యపేట నుంచి బస్సులో వస్తుంటే, చిల్లకల్లు దాటాక ఆమెకి ఉన్నట్టుండి మామగారు గుర్తొచ్చారు. కొత్త కోడలిగా కొట్టులో మొదటిసారి పప్పు తూస్తున్నప్పుడు, తక్కెడ ఊగిపోతుంటే కంగారుపడి పళ్ళెం పట్టుకుంది. "చెయ్యి తియ్యమ్మాయ్" అన్నారాయన. "నీ చెయ్యి దానిమీద ఉన్నంతసేపూ అది నీ బరువే చెబుతుంది. వదిలేసి చూడు, అదే నిలుస్తుంది." బోణీ మాట ఇన్నేళ్ళూ పట్టుకుని వేళ్ళాడింది గానీ, అదే మనిషి చెప్పిన ఈ మాట ఎట్లా మర్చిపోయిందో ఆమెకే తెలియలేదు.

రోహిణి కార్తె ఎండకి సెంటర్ మేడగది కుంపటిలా ఉంది. రూబెన్ వచ్చి, సబ్జా గింజల పొట్లం బల్లమీద పెట్టాడు. విప్పనేలేదు.

"ఆ రోజు పొద్దున..." అని ఆగాడు.

బాలామణి పమిట కొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. కింద ఎరువుల కొట్టు ముందు బస్తాలు దించుతున్నారు. పది బస్తాలు దించి ఉంటారు, అతను పలకలేదు.

"ఆ రోజు పొద్దున..." అంది ఆమె మెల్లగా, అతని మాటే అతనికి అందిస్తూ.

"అద్దం మీద మంచు పట్టిందండి. వెనక్కి చూసే అద్దం. దిగి తుడిచాకే బండి తియ్యాలి, అది రూలు. రోజూ తుడుస్తా. ఆ రోజు దిగలా. చలిగా ఉంది, రెండు నిమిషాల పని, తిరుపతయ్య ఉన్నాడులే అనుకున్నా. ఆఫీసరు నీ తప్పు లేదన్నాడు. యూనియన్ వాళ్ళు అదే అన్నారు. పాస్టర్ గారూ, మా ఆవిడా అదే మాట. ఎవరికి చెబుదామని నోరు తెరిచినా నీ తప్పు లేదని మూసేసేవాళ్ళండి. మొన్న ఫోన్లో మీరు 'తప్పు నాది' అన్నారు చూడండి... ఆ మాట అనడానికే ఐదు నెలల్నుంచి నాకు మనిషి దొరకట్లా."

అని రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఊరుకో బాబూ, పోనీలే అన్న మాట బాలామణి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ మింగడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

"ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారు" అంది.

అతను తల ఊపాడు. ఏడుపు తగ్గేదాకా ఆమె కదల్లేదు. తగ్గాక అడిగింది, "బండి ఎక్కుదామనుకున్నప్పుడు మీకేం అనిపిస్తుంది?"

రూబెన్ ఆలోచించాడు. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. అందరూ జవాబుతోనే వచ్చారు.

"బండంటే భయం కాదండి" అన్నాడు తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఎక్కితే వెనకాల తిరుపతయ్య ఉండడు. పద్నాలుగేళ్ళు వాడే ఉన్నాడు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు వెళ్ళలా. ఇంటికొచ్చాడని తెలిసీ వెళ్ళలా. వాళ్ళ వీధిలోంచి వెళ్ళాల్సొస్తుందని చుట్టు తిరిగి పోతున్నా. వాడికి మొహం చూపించకుండా ఆ సీట్లో ఎట్టా కూర్చుంటానండి?"

ఇవాళే వెళ్ళు, ఈ దారినే వెళ్ళు, పళ్ళు తీసుకెళ్ళు అని చెప్పాలని బాలామణి ప్రాణం కొట్టుకుపోయింది.

"మీకేం చెయ్యాలనుంది?" అంది.

"వెళ్ళాలనుంది. గుమ్మంలో ఏమనాలో తెలీట్లా."

"ఇక్కడ ఒకసారి అని చూసుకుంటారా?" మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అతని ఎదురుగా వేసింది. శిక్షణలో ఇది చేయించినప్పుడు, ఖాళీ కుర్చీతో మాట్లాడటమేంటి పిచ్చా అని నవ్విందీమె. ఇప్పుడు నవ్వు రాలేదు.

రూబెన్ మొదటిసారి కుర్చీ ముందు నిలబడి మాట రాక కూర్చున్నాడు. రెండోసారి చలి గురించీ షిఫ్టు గురించీ చాలా చెప్పి, తనకే నచ్చక ఆగిపోయాడు. మూడోసారి కుర్చీ వంక సూటిగా చూసి, "తిరుపతయ్యా, ఆ రోజు నేను అద్దం తుడవలేదురా" అన్నాడు. ఇంకేమీ కలపలేదు.

"ఇది చాలండి" అన్నాడు.

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాక గానీ బాలామణికి తట్టలేదు, ఈసారి తను ఒక్క సలహా కూడా ఇవ్వలేదని. వట్టి చేతులతోనే పంపించింది. అయినా మనసు తేలిగ్గా ఉంది.

తేలిక ఎంతసేపు? ఆ వారమంతా ఆమెకి అన్నం సయించలేదు. వెళ్ళాడో లేదో, వెళితే వాళ్ళేమన్నారో. ఫోన్ చేద్దామని పదిసార్లు తీసి పదిసార్లు పెట్టేసింది. ఒకటో తారీకు వచ్చింది, పోయింది.

గురువారం రూబెన్ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. కాలర్ మీద తెల్లటి క్వారీ దుమ్ము ఉంది.

"శుక్రవారం వెళ్ళానండి" అన్నాడు కూర్చుంటూనే. "నన్ను చూసి వాళ్ళావిడ లోపలికి వెళ్ళిపోయింది. వాడు మంచమ్మీద కూర్చునున్నాడు. ఇక్కడన్న మాటే అన్నా. వాడన్నాడూ, 'అద్దం తుడవలేదని నాకు తెలుసురా. వెనక నిలబడింది నేనేగా. నీ ఉద్యోగం పోతుందనే విచారణలో చెప్పలా. కానీ ఐదు నెలలు మనిషివి రాకుండా ఎక్కడ చచ్చావురా?' అని మొదలెట్టాడు. ఇంక అట్టాంటి తిట్లు నా జన్మలో తినలేదండి."

చెబుతూ చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"క్షమించాడో లేదో తెలీదండి. నేనడగలా. కొత్త కాలు బిగించారంట, ఆదివారం నడక నేర్చుకోవడానికి తోడు రమ్మన్నాడు."

బాలామణి తల ఊపింది.

"సోమవారం, ఒకటో తారీకు, డ్యూటీకి పోయా. ముందు అద్దం తుడిచా. వెనకాల సైగ చెయ్యడానికి కొత్త మనిషి నిలబడ్డాడు. దగ్గరికెళ్ళి నీ పేరేంటి బాబూ అనడిగా. చెప్పాడు. అప్పుడెక్కా."

ఆ సాయంత్రం కృష్ణప్రియ కాగితం చదివింది. ఎడమవైపు నిండుగా ఉంది. చివరి మాటలకి ఎదురుగా కుడివైపంతా తెల్లగా ఉంది.

"ఇక్కడ మీరేమన్నారో రాయలేదేంటి ఆంటీ?"

"ఏమీ అన్లేదమ్మాయ్" అంది బాలామణి, బస్సు టైమవుతోందని సంచి సర్దుకుంటూ. "నాకూ ఏడుపొచ్చింది. కూర్చున్నానంతే."