పంజ్ నదికి అవతల పెళ్లివారు

సిడ్నీ శివారు ద పాండ్స్‌లో మిగతా వీధులవాళ్లు చెత్త బిన్‌లను పొద్దున్నే లోపలికి లాక్కుంటారు. శ్రావ్య మాత్రం మధ్యాహ్నం దాకా ఆగి, ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, పంజ్ నది దాటి తెచ్చుకుంటుంది. పామీరు కొండల్లోంచి తజికిస్థాన్‌కీ అఫ్గానిస్థాన్‌కీ నడుమ పారే ఆ నది, రెండేళ్లుగా వాళ్ల గేటు ముందు నుంచి కూడా పారుతోంది. బిన్‌లు ఒడ్డుకు మీటరు ఎడంగా పెట్టమని కౌన్సిల్‌వాళ్లు ఓ బోర్డు పాతి చేతులు దులుపుకున్నారు.

జూలైలో సిడ్నీకి చలి, పామీరుకు మండువేసవి. అక్కడి మిట్టమధ్యాహ్నం ఇక్కడి సాయంత్రం ఐదు. ఎండకు మంచు కరిగి, నది బూడిదరంగు నీళ్లతో ఉరకలెత్తే వేళ అది. అక్కడి రాత్రి చలికి కరగడం ఆగిపోయి, ఇక్కడ మధ్యాహ్నమయ్యేసరికి మళ్లీ మోకాలి లోతుకు దిగుతుంది.

తల్లి చాముండేశ్వరి పంచాంగంలో మంచి ఘడియలన్నీ ఎందుకో సాయంత్రం ఐదుకే కుదిరేవి. "ముహూర్తం బావుంటే నదే దారిస్తుందే" అనేదావిడ. వచ్చిన సంబంధాలన్నీ అవతలి ఒడ్డునుంచే జీతమెంతని అరిచి, జవాబు వినపడక వెనక్కి పోయాయి. శ్రావ్యకు ప్రాణం లేచొచ్చేది. ఎవరైనా నది దాటి వచ్చారంటే, ముక్కూ మొహం తెలియనివాడికి ఒక్క కాఫీతో తలూపాలి. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే తను కాదనలేకపోతుంది. ఆ పిల్ల భయమంతా అదే.

ఈసారి పెర్త్‌లోని పియారా వాటర్స్ నుంచి భానుప్రసాద్ తల్లిదండ్రులతో వచ్చాడు. శనివారం, ఐదింటికే.

"నీళ్లెక్కువుంటాయేమోనే?"

"మంచి ముహూర్తం కదా మమ్మీ, గో ఫర్ ఇట్!" అంది శ్రావ్య, నంగనాచిలా.

ఐదయ్యేసరికి నది గేటు తడిపింది. అబ్బాయి తల్లి పట్టుచీర కాపాడుకుంటూ కారెక్కేసింది. తండ్రి "అమ్మాయిది పీఆర్ వీసానా, సిటిజెన్‌షిప్పా?" అని అరిచాడు. వినపడక చాముండేశ్వరి పులిహోర గిన్నె ఎత్తి చూపించింది. భానుప్రసాద్ మాత్రం శ్రావ్య వైపు చూడకుండా నీళ్లనే చూస్తున్నాడు. ఆమెకు కాస్త ఒళ్లు మండింది. అతను ఒడ్డున ఓ పుల్ల గుచ్చి, కాసేపు చూసి, గొంతు చించుకున్నాడు.

"ఇంకా పెరుగుతోందండీ! ఎప్పుడు తగ్గుతుంది?"

ఇంతకుముందు వచ్చినవాళ్లలో ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. తగ్గదని శ్రావ్య ఒక్క మాటంటే చాలు, వెళ్లిపోతాడు. అమ్మ నదిని తిట్టుకుంటుంది, తనను కాదు.

"రేపు పన్నెండింటికి!" అని అరిచింది శ్రావ్య. "మోకాలి లోతే ఉంటుంది, రండి!"

చాముండేశ్వరి గిన్నె దించేసింది. "ఆదివారం పన్నెండింటికి యమగండమే, పిచ్చిదానా!"

"అయితే ఏంటి మమ్మీ, నీళ్లు తక్కువుంటాయి."

ఆవిడ కూతురి మొహంలోకి చూసింది. సిగ్గో, భయమో, చెవుల దాకా ఎర్రబడి ఉంది. ఇన్ని సంబంధాల్లో ఎప్పుడూ చూడని మొహం. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, గిన్నె చంకనపెట్టుకుని లోపలికి నడిచింది.

"బూట్లు చేత్తో పట్టుకుని రమ్మను," అంది వెనక్కి తిరక్కుండానే. "రాళ్లు జారతాయి."