బోర్లా పడుకునే మనిషికి పరుపు

వీపు కాలిన నాటి నుంచి ఆమెకు వెల్లకిలా పడుకునే యోగం లేకుండా పోయింది. మొగుడు సలసల కాగుతున్న నీళ్ళ గిన్నె ఎత్తి ఆమె వీపు మీద కుమ్మరించి, బయటి నుంచి గడియ పెట్టి మరీ పోయాడు. పక్కింటివాళ్ళు తలుపు విరగ్గొట్టి ఆసుపత్రిలో చేర్చబట్టి ప్రాణం దక్కింది. వాడు కొన్నాళ్ళు జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చాడు. ఆమె అక్క పంచన చేరింది.

అక్క ఇంట్లో ఉన్నది పాత దూది పరుపు. బోర్లా పడుకుంటే పొట్ట కింద గుంట పడేది. తెల్లారేసరికి నడుము పట్టేసి, మంచం పట్టుకుని లేవాల్సి వచ్చేది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా ఆమె స్కూలు వ్యాను నడుపుతుంది.

"నడుము లేకపోతే స్టీరింగు ముందు దేంతో కూర్చుంటావే? పద, పరుపు కొందాం" అంది అక్క. ఆవిడది ఇస్త్రీ కొట్టు. ఒకసారి అనుకుందంటే ఆగే మనిషి కాదు.

పరుపుల కొట్టు యజమాని ఆవలిస్తూ ఎదురొచ్చాడు. చుట్టూ అన్ని పరుపులు పెట్టుకుని ఆవలించకేం చేస్తాడులే అని అక్క గొణిగింది. సంగతి విన్నాక ఆయన లేటెక్స్ అనే రబ్బరు పరుపుల వైపు తీసుకెళ్ళాడు.

"మెత్తటిది ఇవ్వండి. దాని వీపంతా పచ్చిపుండు" అంది అక్క.

"బోర్లా పడుకునేవాళ్ళకి మెత్తటిది పనికిరాదమ్మా. బరువంతా పొట్ట దగ్గరే కదా, అక్కడ దిగబడిపోయి నడుము విరుగుతుంది. కింద గట్టి పొర వేసి, పైన పలచగా మెత్తటి పొర పరిస్తే చాలు. దిండు కూడా పలచటిదే వాడండి."

"రెండిటి మీదా పడుకుని చూస్తాను" అంది చెల్లెలు.

మొదట మెత్తటి దాని మీద పడుకుంది. బురదలో దిగినట్టు దిగబడింది. లేవబోతే మోచేతులకు ఆనిక దొరకలేదు. తర్వాత గట్టి దాని మీదికి మారింది. రబ్బరు పొర ఆమెను కిందికి పోనివ్వకుండా నిలబెట్టింది. నడుములో ఏదో ముడి విడినట్టయింది. ఎన్నాళ్ళకో ఊపిరి పూర్తిగా వదిలి కళ్ళు మూసుకుంది.

"నువ్వు కాసేపు అలాగే ఉండు. నేను మంచాలు చూసొస్తా" అని అక్క యజమానితో కొట్టు వెనక్కి వెళ్ళింది. లేటెక్స్ బరువుకి అడుగు చెక్కలు దగ్గర దగ్గరగా ఉండాలట.

అడుగుల చప్పుడు వినబడింది. అక్కే అనుకుంది.

"హాయిగా పడుకున్నావే. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసి."

ఆ గొంతు విని తల తిప్పేలోపే మోకాలు ఆమె నడుము మీద పడింది. అక్క ఇంటి దగ్గర కాపు కాసి, వాళ్ళెక్కిన ఆటో వెంటే వచ్చాడు వాడు. రెండు చేతులూ ఆమె తల వెనక వేసి మొహాన్ని పరుపులోకి నొక్కాడు. ముక్కూ నోరూ మూసుకుపోయాయి. అరుపు గొంతులోనే ఉండిపోయింది. కళ్ళ ముందు ఎర్రటి చుక్కలు లేచాయి. చచ్చిపోతున్నానని ఆమెకు స్పష్టంగా తెలిసింది.

మోచేతులు రెండూ కిందికి తన్నిపెట్టింది. ఈ పరుపు దిగబడలేదు. ఉన్న బలమంతా తెచ్చుకుని ఒక్క ఊపున లేచి, తలను వెనక్కి విసిరింది. వాడి నోట్లో పళ్ళు కదిలిన చప్పుడు ఆమె పుర్రెకు వినబడింది.

వాడు వెనక్కి తూలాడు కానీ జుట్టు వదల్లేదు. నేల మీదికి ఈడ్చేశాడు. నుదురు మంచం కోడుకు కొట్టుకుంది. బూటు కాలితో వీపు మీద తన్నాడు. మానుతున్న చర్మం చిట్లి చొక్కా తడిసిపోయింది.

ఆ చప్పుడుకి అక్క పరుగున వచ్చింది. చేతిలో మంచం చెక్క ఉంది. వాడి భుజం మీద ఒక్కటిచ్చింది. వాడు తిరిగి ఆవిణ్ణి గొంతు పట్టుకుని నిలువుగా ఆనించిన పరుపుల మీదికి తోసి పైకెత్తాడు. చెక్క జారి కిందపడింది. అక్క కాళ్ళు గాలిలో కొట్టుకుంటున్నాయి. యజమాని ఫోను చెవికి ఆనించుకుని కొయ్యబారిపోయాడు.

చెల్లెలు నెత్తురు తుడుచుకుని చెక్క అందుకుంది. వాడి మోకాలి వెనక కొట్టింది. వాడు కూలబడ్డాడు. నేలకు ఆనించిన చేతి మీద కొట్టింది. మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. వాడు కేక పెట్టాడు. ఆమె ఆపలేదు. భుజాల మీద, వీపు మీద, దొరికిన చోటల్లా కొట్టింది.

"వద్దే, చంపకే" అన్నాడు వాడు.

ఆనాడు వాడు గడియ పెట్టిన తలుపు వెనక నుంచి తాను అరిచిన మాట అదే. ఇంకా గట్టిగా కొట్టింది.

"చాలు, వదిలెయ్. చచ్చిపోతాడు" అక్క దగ్గుతూనే అంది.

"చావనీ."

"వాడు చస్తే లోపలికి పోయేది నువ్వు. ఆ వెధవ కోసం నీ బతుకు కూడా పాడు చేసుకుంటావా?"

ఎత్తిన చెక్క కాసేపు గాలిలోనే ఆగింది. మెల్లగా దించింది కానీ చేతిలోంచి వదల్లేదు. పోలీసులు వచ్చాకే ఒక కానిస్టేబులమ్మ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంది.

వాడి బెయిలు రద్దయింది. కేసు నడిచి శిక్ష పడింది. ఆమె వీపుకు మళ్ళీ మొదటి నుంచి వైద్యం. వాణ్ణి కొట్టినందుకు ఆమెకు పశ్చాత్తాపం కలగలేదు. అది లేనందుకే అప్పుడప్పుడూ భయం వేసేది.

యజమాని ఆసుపత్రికొచ్చి, "ఆ గట్టి పరుపే శుభ్రం చేయించి పంపమంటారా?" అని అడిగాడు.

"నెత్తురంటింది నాకొద్దు. అలాంటిదే కొత్తది పంపండి" అంది.

కొత్త పరుపు వచ్చింది. మొదట్లో దాని మీద కూర్చోవడమే గాని పడుకోలేకపోయింది. మొహం ఆనిస్తే చాలు, తల వెనక చేతులు పడినట్టుండేది. దిండు తీసేసి, చెంప పక్కకు వాల్చి, తలుపు కనబడేలా తిరిగి పడుకోవడం మెల్లగా అలవాటు చేసుకుంది. అక్క ఒకరోజు పని నుంచి వచ్చి చూస్తే, పట్టపగలు నోరు తెరుచుకుని గురక పెడుతోంది. అక్క చప్పుడు చేయకుండా చెప్పులు చేతపట్టుకుని వంటింట్లోకి నడిచింది.