వియ్యంకుడి అబద్ధాలు

సాఫ్టు వేరు, మెత్తదనం వేరు, ఆ తేడా పరుపుల కంపెనీలో జుట్టు నెరిసినవాడికి తెరమీద బొమ్మలేసి చెప్పాలా, అనుకుంటున్నాడు కొనుగోళ్ల మేనేజరు మీటింగు గదిలో చివరి కుర్చీలో ఒత్తిగిలి, ఇకమీదట మన ఏజెంటు సాఫ్ట్‌వేరూ ఫోము కంపెనీ ఏజెంటు సాఫ్ట్‌వేరూ వాటిలో అవే మాట్లాడేసుకుంటాయి సార్ అంటున్నాడు టై కట్టుకున్న సలహాదారు, అరుపులుండవు, అలకలుండవు, అబద్ధాలు అసలే ఉండవు, ఆహా, ఏజెంటట, ఏ జెంటూ కాదది, జెంటిల్మనైతే భోంచేశారా అని అడిగి కదా బేరం మొదలెడతాడు, చూడు ఎలా మాట్లాడుకుంటున్నాయో, నమస్కారం, ధన్యవాదాలు, నమస్కారం, పరామర్శకొచ్చిన దూరపు చుట్టాల్లా, అదే వియ్యంకుడైతేనా, వియ్యంకుడంటే ఫోము కంపెనీలో సరుకు పంపే పెద్దమనిషి, పిల్లనిచ్చిందీ లేదు పుచ్చుకున్నదీ లేదు, ఒకరి మొహం ఒకరు చూసిందీ లేదు, ఏళ్ల తరబడి పెళ్లిపందిట్లో లాగా ఫోనులో పోట్లాడుకుంటున్నారు కనక ఆ వరస, ఫోమేదీ బావగారూ అంటే బండి ఇప్పుడే బయల్దేరిందండీ అంటాడు, బయల్దేరిన బండి వెనకాల ఎత్తండ్రా ఎక్కించండ్రా అని హమాలీల కేకలు, ఇంకా ఎక్కించనే లేదు దొంగపీనుగ, మీ బండికి చక్రాలున్నాయా, మీ నాలుకమీద పాకుతోందా అని తను, ఎలాగూ మీ పరుపులమీద నిద్రపట్టదుగా, మేలుకుని ఎదురుచూడండి అని ఆయన, తిట్టుకుని ఫోను పెట్టేసి, సరేలే, ఈలోగా మిగిలిన ఫోముతో చిన్న పరుపులు కుట్టించేద్దాం, చీకటి పడేలోగా తెచ్చి పడేస్తాడు అబద్ధాలకోరు.

తెరమీద ఫోము కంపెనీ ఏజెంటు ఉన్నదున్నట్టు చెప్పేసింది, మిషను ఆగింది, సరుకు సాయంత్రానికి గానీ రాదు, తెలియజేసినందుకు ధన్యవాదాలు అంది ఈ కంపెనీ ఏజెంటు, ఒప్పందం ప్రకారం మీకిచ్చిన ఆర్డర్లన్నీ రద్దు, వేరే కంపెనీకి ఇచ్చేశాం, ధన్యవాదాలు అంది అవతలది, తుమ్మినంతసేపు పట్టలేదు, చూశారా ఎంత పారదర్శకమో అన్నాడు టై, పారదర్శకమే మరి, లోపల మనిషన్నవాడు లేకపోతే అటువైపు గోడ కనిపించక ఏమవుతుంది, గదంతా చప్పట్లు, గాడిదగుడ్డు చప్పట్లు, ఛీ, కొడుతున్న చేతుల్లో తనవీ ఉన్నాయి.

జేబులో ఫోను వణికింది, వియ్యంకుడే, గొంతులో పోట్లాట లేదు, బావగారూ, మావాళ్లు ఏదో రద్దంటున్నారు, మీ ఆర్డరు పోతే మా కంపెనీకి తాళమేనండీ, బండి ఎక్కిస్తున్నాను, ఇంకా బయల్దేరలేదు, పంపనా మాననా, ఈయన నోట నిజం వినడం ఇదే మొదలు, ముందు కుర్చీలోంచి కంపెనీ యజమాని ఇటే చూస్తున్నాడు, రద్దేమిటండీ మీ మొహం, నేనంతా సర్దేశాను, పంపండి అనేశాడు, సర్దింది చీపురుపుల్లంత కూడా లేదు, యజమానితో ఇంకా ఒక్క ముక్కైనా అనలేదు, అనాలి, ఇప్పుడే అనాలి, ఉద్యోగం ఊడినా బండి గేటు ముందుకొచ్చేలోగా ఒప్పించాలి, కుర్చీ వెనక్కి తోసి లేస్తుంటే అర్థమైంది, వియ్యంకుడు ఒక్కనాడూ అబద్ధమాడలేదు, ముందు పూచీ పడేవాడు, ఆ తరవాత దాన్ని నిజం చేయడానికి పరుగెత్తేవాడు.