మూడు కమిటీల బిల్లు

"ఈ చలికాలం దాటేలోపు ఆ రాళ్ళ మీంచి నిన్ను మోసుకొస్తారనిపిస్తోంది నాకు," అన్నాను మా ఆయనతో. "మోసుకురావడానికి ఏమన్నా మిగిలితే."

కిమొకెయో ట్రక్కు వెనకాల పాత సర్ఫ్ బోర్డుకి తాడు బిగిస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"పొద్దున్నే ఎంత చల్లటి మాట," అన్నాడు. "ఆ ఫ్లాస్కు ఇట్లా ఇయ్యి."

ఇచ్చాను. ఇవ్వకపోతే కాఫీ లేకుండా పోతాడంతే, పోవడం మానడు.

మా అబ్బాయి నైనోవా పోయి నాలుగేళ్ళు. కూతురి మొదటి పుట్టినరోజు విందుకని, రాళ్ళకి కరుచుకుని ఉండే ఒపిహి చిప్పలు ఏరడానికి కీలపా తీరానికి వెళ్ళాడు. మా కవాయి దీవిలో ఒపిహి లేని విందు విందు కాదు. అల ఎప్పుడొచ్చిందో, ఎంత ఎత్తు వచ్చిందో చూసినవాళ్ళు లేరు. హెలికాప్టర్లు తిరిగాయి, గజ ఈతగాళ్ళు వెతికారు, వాడి చిప్పల సంచీ దొరికింది. వాడు దొరకలేదు. ఆ విందుకని ఊరంతా ఇచ్చిన పంది మాంసం చివరికి వాడి సంతాప సభకి వండాం.

అప్పటినుంచి ప్రతి చలికాలం, ఉత్తరపు అలలు పెద్దవయ్యే రోజుల్లో, మా ఆయన పొద్దున్నే కీలపాకి పోయి ఆ రాళ్ళ పైన మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అక్కడ కాపలా లేదు. ప్రమాదం అని రాసిన బోర్డు ఒకటుంది. టూరిస్టులు ఆ బోర్డుకి ఆనుకుని ఫోటోలు దిగి, దాన్ని దాటుకుని కిందికి దిగుతారు. ఈయన ఈల వేసి, అరిచి, ఒక్కోసారి తిట్టి వాళ్ళని పైకి రప్పిస్తాడు. పోయిన డిసెంబరులో ఒకాయన విననే లేదు. అల ఆయన్ని లాక్కుపోయింది. అరవై ఆరేళ్ళ మనిషి, అరిగిన మోకాళ్ళతో, సర్ఫ్ బోర్డేసుకుని ఈయన కూడా దూకాడు. ఆయన్ని బయటికి తెచ్చాడు గానీ, ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరి ఆసుపత్రిలో పడ్డాడు.

మంచం పక్కన కూర్చుని నేను ఏడుస్తుంటే, ముక్కులో గొట్టంతోనే అన్నాడు: "ప్రభుత్వం జీతమిచ్చి ఒకణ్ణి అక్కడ కూచోబెట్టనీ. ఆ రోజు ఇంటికొచ్చేస్తా."

నాకు ఆ మాట చాలు. దాన్ని పట్టుకుని రోవెనా అగ్బాయాని దగ్గరికి వెళ్ళాను.

రోవెనా మా ప్రాంతం నుంచి రాష్ట్ర సభకి గెలిచిన మనిషి. నేను బడి వంటగదిలో పనిచేసే రోజుల్లో పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడి, కూరగాయలు వద్దని మొహం తిప్పుకునేది. చర్చి బయట ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కీలపాలో కాపలా టవరు కావాలమ్మా. మా ఆయన్ని అక్కణ్ణించి లేపాలి. నాకింకేం వద్దు."

"అది రాష్ట్రం పార్కు ఆంటీ. లైఫ్‌గార్డులేమో కౌంటీ మనుషులు, మన దీవి పాలనవాళ్ళు. రేపు ఏదన్నా జరిగితే ఎవరి మీద కేసు వేస్తారని ఇద్దరికీ భయం. దానికి చట్టమే రావాలి."

"అయితే తీసుకురా."

ఆమె నవ్వింది. "చేపల మార్కెట్లో చేప అడిగినట్టు అడుగుతున్నారే!" అంది. కానీ తెచ్చింది. సమావేశాలు మొదలైన వారంలోనే బిల్లు పెట్టింది, దానికి నంబరు పడింది.

సభలో మొదటిసారి చదివే రోజు మా అమ్మాయి హౌనాని తన ఫోన్లో చూపించింది. నల్ల కోటు మనిషి ఒకడు నంబర్ల వెనక నంబర్లు ఊపిరి తీసుకోకుండా చదివేశాడు. మా నంబరు ఎక్కడొచ్చిందో నేను పట్టుకోనే లేదు. అన్నిటికీ కలిపి ఆమోదం అన్నారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

"కూచో అమ్మా," అంది హౌనాని. "మొదటిసారి చదివినప్పుడు అన్నిటికీ ఆమోదమే. అది పుట్టిన పిల్లకి పేరు పెట్టడం లాంటిది. బతికి బట్టకట్టేది కమిటీల్లో తేలుతుంది."

"పుట్టిన పిల్ల గురించి అట్లాంటి మాటలు అనకే."

"నేను బిల్లు గురించి అంటున్నా!"

కమిటీ ఏదో తేలేదాకా నాకు అన్నం సయించలేదు. ఎవరి చేతిలో పడుతుందో, ఆ మనిషికి సముద్రమంటే తెలుసో లేదో, మా దీవి ఎక్కడుందో అయినా తెలుసో లేదో. పెద్దలు కూర్చుని ఏ బిల్లు ఏ కమిటీకో నిర్ణయిస్తారని, ఆ కమిటీ ఛైర్మను తేదీ వేసి పిలిస్తేనే మనం వెళ్ళి మాట్లాడొచ్చని హౌనాని చెప్పింది. పిలిస్తే ఏం మాట్లాడాలో వంటగదిలో గిన్నెలకి చెప్పి చూసుకునేదాన్ని. "నా పేరు పువా. మా అబ్బాయి పేరు నైనోవా," దాకా వచ్చి ఆగిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం హౌనాని పని నుంచే ఫోన్ చేసింది.

"అమ్మా, వచ్చింది. ఒకటి కాదు. మూడు కమిటీలకి పంపారు!"

"మూడా?"

"మూడే. పార్కులు, నీళ్ళ కమిటీ ఒకటి. తర్వాత న్యాయం. ఆ తర్వాత ఖర్చులు. మా సూపర్‌వైజర్ వాళ్ళ రొయ్యల చెరువుల బిల్లుకి ఒక్కటే ఇచ్చారంట. పాపం, కుళ్ళుకుంటోంది."

ఫోన్ మోగితే అంబులెన్సు అనుకునే మనిషిని నేను. తలుపు గట్టిగా పడితే ఎవరో పడ్డారనుకుంటాను. అలాంటిదాన్ని ఆ రోజు మాత్రం చెడు ఆలోచించలేదు. బడిలో పిల్లకి మామూలు జ్వరమైతే నర్సు చూసి పంపేసేది. పెద్ద జబ్బైతే నర్సు, టీచరు, ప్రిన్సిపాలు, అందరూ చూసేవాళ్ళు. కిమొకెయో ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే, ముగ్గురు డాక్టర్లు వచ్చారు, బతికాడు. మా బిల్లుని అంత పెద్ద విషయంగా తీసుకున్నారన్నమాట.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే వాకిట్లోనే చెప్పాను.

"మూడా?" అన్నాడు. చెప్పులకున్న ఇసుక చాలాసేపు దులుపుకున్నాడు. "సరే. మంచిది."

అంత దయ చూపించినవాళ్ళ దగ్గరికి ఖాళీ చేతులతో ఎలా వెళ్తాం? ముగ్గురు ఛైర్మన్లకి మూడు దండలు చేద్దామనుకున్నాను. తీ మొక్క పొడవాటి ఆకులు కోసి, ఈనెలు తీసి, ఫ్రీజర్లో గడ్డకట్టించి మెత్తబరిచాను. కాలి బొటనవేలికి కొస చుట్టుకుని వరండాలో కూర్చుని పేనాను. కులోలో అనే మా తీపి వంటకం కూడా వండాను, చామదుంప, కొబ్బరి సొంతంగా తురిమి. హౌనాని చూసి, "పిలవకముందే పెళ్ళికి పోతున్నావు," అని ఏడిపించింది. నేను పేనుతూ ఏదో పాట కూడా పాడుకున్నానట. నాకు గుర్తులేదు.

హొనొలులుకి విమానంలో అరగంట. ఆ అరగంటా ఇంజను చప్పుడు మారినప్పుడల్లా దేవుణ్ణి పిలిచాను. సభ భవనంలో లిఫ్టు దగ్గర రోవెనా కనిపించింది. నా చేతికి వేలాడుతున్న మూడు దండల్ని చూసి ఆమె మొహం మారింది.

"ఆంటీ, ఒక ఫోన్ చెయ్యొచ్చు కదా!"

"చేస్తే వద్దంటావు. పద, మొదటాయన్ని చూపించు."

ఆమె ముందు నడిచింది.

పార్కులు, నీళ్ళ కమిటీ ఛైర్మను పేరు గ్లెన్ తెరుయా. బొద్దుగా, నెరిసిన జుట్టుతో, పూల చొక్కాలో ఉన్నాడు. నేను లోపలికి వెళ్ళగానే లేచి తల వంచాడు. మా దీవుల ఆచారం ప్రకారం దండ వేసి చెంప మీద ముద్దు పెట్టాను.

"మా బిల్లు తీసుకున్నందుకు, సార్. కీలపా టవరు."

"ఓ, కీలపా! మా అమ్మమ్మది మీ దీవే ఆంటీ. కెకహా ఊరు. చిన్నప్పుడు ప్రతి వేసవీ అక్కడే. ఇది కులోలోనా? అయ్యో, ఎన్నాళ్ళైంది తిని! మీరే చేశారా? ఆవిరి మీదా, పొయ్యిలోనా?"

"పొయ్యిలో సార్. మరి మమ్మల్ని ఏ రోజు పిలుస్తారు? టికెట్టు ముందుగా కొనుక్కోవాలి."

"ఈసారి బిల్లులు చాలా ఉన్నాయి ఆంటీ. తీ ఆకు ఎంత సన్నగా పేనారో చూడు రోవెనా! ఇప్పటి పిల్లలకి ఎవరికొచ్చు ఇది?"

"మా ఆయన ఆ రాళ్ళ మీదే కూచుంటున్నాడు సార్. పోయినేడు మునిగి బయటపడ్డాడు. వచ్చే నెల్లో పిలిచినా చాలు."

"అంకుల్‌ని జాగ్రత్తగా ఉండమని చెప్పండి. ఒక ఫోటో దిగుదామా?"

ఫోటో దిగాం. అందులో నేను నవ్వుతూ ఉన్నానని హౌనాని తర్వాత చూపించింది.

రెండో చోట ఛైర్మను లేడు, సెక్రటరీ పిల్ల దండ పుచ్చుకుని బల్ల మీద పెట్టింది. మూడో గదికి బయల్దేరుతుంటే రోవెనా నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. ఆ భవనానికి నడుమ కప్పు ఉండదు. కింద నేల మీద వాన పడుతోంది.

"ఆంటీ, ఇంక వద్దు."

"ఏం, ఆయన చెడ్డవాడా?"

"ఎవరూ చెడ్డవాళ్ళు కాదు." ఆమె రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. "మూడు కమిటీలకి పంపారంటే ఇక్కడ దానర్థం వేరు. ఒక్క కమిటీ అయితే ఒక్క మనిషిని బతిమాలుకుంటే చాలు. మూడంటే ముగ్గురూ పిలవాలి. గడువు కూడా మిగతా బిల్లుల కంటే ముందే, ఆలోపు ఆఖరి కమిటీకి చేరకపోతే ఆగిపోతుంది. మొదటాయన పిలవకపోతే మిగతా ఇద్దరి దాకా వెళ్ళనే వెళ్ళదు. వద్దు అని ఎవరి నోటా రాకుండా వద్దనే పద్ధతి అది."

"మరి ఆయన అంత బాగా మాట్లాడాడే."

"పిలవరు ఆంటీ. నాకు పోయిన వారమే చెప్పారు. కేసులంటే భయం, పెద్దలకి ఇష్టం లేదు."

"పోయిన వారం తెలిసీ నాకు చెప్పలేదా?"

"హౌనాని ఫోన్ చేసి, మా అమ్మ పాడుతోంది అని చెప్పింది. నాకు నోరు రాలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "కాగితం మీద వచ్చే ఏడాదికి కూడా బిల్లు ఉంటుంది. చచ్చిపోయినట్టు కాదు."

"బతికున్నట్టూ కాదు కదా," అన్నాను.

నా భయాల్లో నేనెప్పుడూ పెద్ద పెద్దవే ఊహించాను. గొడవ పడతారని, అవమానిస్తారని, ఓట్లలో ఓడిస్తారని. నా కులోలో తింటూ, నా దండ మెడలో వేసుకుని, ఏమీ చెయ్యకుండా ఊరుకుంటారని మాత్రం ఊహించలేదు. మూడో దండ ఏం చేశానో గుర్తులేదు. విమానంలో ఇంజను చప్పుడు కూడా వినలేదు.

హౌనాని విమానాశ్రయానికి వచ్చింది. నన్ను ఇంటికి తీసుకెళ్ళకు, కీలపాలో దింపు అన్నాను.

ఎండ వాలుతోంది. కిమొకెయో కుర్చీలో ఉన్నాడు, పక్కన సర్ఫ్ బోర్డు, మెడలో ఈల. నేను మెల్లగా దిగి పక్కనున్న రాయి మీద కూర్చున్నాను.

"చెప్పుల్తో వచ్చావేం, జారతావు," అన్నాడు.

"బిల్లు పోయింది."

"ఊఁ."

"మూడు కమిటీలంటే మంచి కాదంట. పాతిపెట్టడమంట."

"తెలుసు. నేను చెరకు కంపెనీ యూనియన్లో ఉన్న రోజుల్లో మా బిల్లుకీ అట్లాగే చేశారు."

నేను అతని వైపు తిరిగాను. "తెలిసీ చెప్పలేదా?"

"వాడు పోయినప్పటినుంచి నీ మొహాన నవ్వు చూళ్ళేదు. ఆ వారమంతా కాలి వేలికి ఆకు చుట్టుకుని కూచుని పాడుతున్నావు. ఎట్లా చెప్పను?"

రోవెనా మీద వచ్చిన కోపం ఈయన మీద రాలేదు. పెద్ద అల ఒకటి వచ్చి కింది రాళ్ళన్నిటినీ ముంచి, తెల్లగా నురగ కార్చుకుంటూ వెనక్కి పోయింది. అప్పుడు, విమానం ఎక్కినప్పటినుంచి నన్ను తొలుస్తున్నది అడిగాను.

"ఒకవేళ పిలిచి, చట్టం చేసి, ఇక్కడ టవరు కట్టేసి ఉంటే... నువ్వు ఇంటికొచ్చేవాడివేగా?"

ప్రమాదం బోర్డు దాటి ఒక కుర్రజంట దిగుతుంటే అతను లేచి ఈల వేశాడు. వాళ్ళు నవ్వుతూ చెయ్యి ఊపి వెనక్కి వెళ్ళారు. మళ్ళీ కూర్చున్నాడు. ఫ్లాస్కు మూత తీసి, తాగకుండానే మూశాడు. పైన రోడ్డు మీద హౌనాని కారు తలుపు వేసిన చప్పుడైంది. ఎండ నీళ్ళ మీంచి పోయింది. అలలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, అతను ప్రతిదాన్నీ వచ్చేదాకా, విరిగేదాకా, వెనక్కి పోయేదాకా చూస్తున్నాడు. నేను వినలేదేమో, అతను చెప్పేశాడేమో అని కూడా అనుమానం వచ్చింది. చలేస్తోంది. ఇంక అడగకూడదనుకుని లేవబోయాను.

"వచ్చేవాణ్ణి కాదు, పువా," అన్నాడు కిమొకెయో. "వాడింకా ఇక్కడే ఉన్నాడు."