దోమల ప్రశ్నలు

జిగణిలో రేకుల ఇళ్ళ వరుస. ఆదివారం పొద్దున సహన మునిలక్ష్మి ఇంటికి వచ్చింది. ఇళ్ళలో ఆడవాళ్ళకూ పిల్లలకూ పడే దెబ్బలను ఎట్లా ఆపాలో తేల్చే పరిశోధన ఆమెది. ఆ సంగతి మొగుళ్ళ చెవిన పడితే, ఆమె వెళ్ళిపోయాక ఇంకో నాలుగు ఎక్కువ పడతాయి. అందుకే మాటల మధ్యలో ఎవరైనా వస్తే దోమల గురించి అడగడం ఈ పరిశోధన చేసేవాళ్ళ పద్ధతి. సహన ఆ మాట మునిలక్ష్మికి ముందే చెప్పింది.

మునిలక్ష్మి తలుపు వైపు చూసి గాజులు పైకి జరిపింది. మణికట్టు కమిలి ఉంది.

"మీ ఆయనేనా అక్కా?"

ఆయనే లోపలికి వచ్చాడు.

"దోమలు పొద్దున ఎక్కువా, సాయంత్రమా?" అంది సహన.

"దాన్నడగతావేంది మేడం, దానికేం తెలుసు. నన్నడుగు," అని తిరుపాలు చాప మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు.

జిగణి దోమ గురించి చెప్పాడు. హిందూపురం దోమ గురించి చెప్పాడు. రెండింటిలో ఏది మర్యాదగా కుడుతుందో కూడా చెప్పాడు. సహన దగ్గరున్న ప్రశ్నలు అయిపోయాయి. దోమలు నిద్రపోతాయా అని సొంతంగా ఒకటి అడిగింది.

"మంచి ప్రశ్న," అని తిరుపాలు ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

మునిలక్ష్మి గాజులు కిందికి దించేసుకుంది.

గడప దగ్గర అనపకాయలు ఒలుస్తున్న అత్త పాపక్క తలెత్తింది. "ఇంత తెలిసినోడివి, ఆడోళ్ళ ముందర చెప్పి ఏం లాభమప్పా. మురుగునీళ్ళ మోరీ కాడ మగోళ్ళంతా ఉండారు. పోయి వాళ్ళకు చెప్పు."

"వాళ్ళు వినరమ్మా."

"నువ్వు చెప్తే ఏల వినరు."

తిరుపాలు లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోయాడు.

పాపక్క వీధి వైపు తిరిగి గడపకు అడ్డంగా కూర్చుంది. "చెప్పు పిల్లా. నాకు చెవుడనుకో."

మునిలక్ష్మి చెప్పింది. మొదట చేతి సంగతి. తర్వాత నాలుగేళ్ళ కూతురు చిన్ని సంగతి: నాన్న చెప్పుల చప్పుడు వింటే మంచం కింద దూరుతుందని. మోరీ దగ్గర నుంచి తిరుపాలు గొంతు గట్టిగా వినపడుతూనే ఉంది.

సాయానికి పిలవాల్సిన నంబరు సహన చెప్పింది. మునిలక్ష్మి ఫోను తీసి, మళ్ళీ పెట్టేసింది. "దీన్ని రోజూ చూస్తాడు మేడం."

పాపక్క చేతులు కొంగుకు తుడుచుకుని తన ఫోను చాపింది. "దీంట్లో ఎక్కియ్యి. ఇది ముట్టేకి వానికి దమ్ము లేదు. ఎట్ల పిలవాల్నో నాకూ నేర్పించు. నా కోడలికి చెయ్యి రాకుంటే నేనే చేస్తా."

సహన నసిగింది. "మీ కొడుకు కదమ్మా..."

"కాదని ఎవరన్న్యారు. వాళ్ళ నాయన కొట్టే దినాల్లో నాకెవురూ ఇయ్యలేదు ఇట్లాంటి నంబరు. ఎక్కియ్యి తల్లీ, వాడొచ్చేస్తాడు."