తడి తగలకూడని ఫోటో

మా ఆయన కిరణ్‌కుమార్ వేళ్ళు చూస్తే ఎవరైనా అద్దకం పనివాడనుకునేవాళ్ళు. ఎర్రగుంట్లలో మా మామగారి కిరాణా అంగడి పక్క గదిలో కంప్యూటర్ పెట్టుకుని జనాలకు దరఖాస్తులు, విజిటింగ్ కార్డులు కొట్టిచ్చేవాడు. ప్రింటర్ కొన్నరోజు ఆ సంబరం చూడాల్సిందే. కాట్రిడ్జి అయిపోయాక కొత్తదాని ధర విని నోరు వెళ్ళబెట్టి, కడపకు పోయి రంగు సీసాలు, సిరంజీలు తెచ్చుకున్నాడు. అప్పటినుంచి మా వంటింటి గట్టే ఆయనకు ఆసుపత్రి. కాట్రిడ్జి పైనున్న స్టిక్కరు పీకి, మూడు రంధ్రాల్లో మూడు రంగులు సూదితో చుక్కచుక్కగా ఎక్కించి, కారినదాన్ని పాత పంచె గుడ్డతో తుడిచి, టేపు అంటించేవాడు. ఒకసారి పసుపు రంగు నా పెరుగన్నంలో పడింది. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను.

మాకు యామిని పుట్టాక మా అత్త రాజ్యలక్ష్మమ్మ రెండు ఆజ్ఞలు వేసింది. ఆ రంగు చేతులతో పాపను ఎత్తుకోకూడదు. ఏడాది నిండేదాకా పాపకు ఫోటో తీయకూడదు, తీస్తే ఆయుష్షు తగ్గుతుంది. మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. మామగారే ఆమె కళ్ళు చూసి నోరు మూసుకునే మనిషి, ఇంక మేమెంత.

అయినా పాపకు మూడో నెలలో, స్నేహితుడు ఓబుళేశు తన డిజిటల్ కెమెరాను అంగట్లో పెట్టిపోతే, అత్త గుడికి వెళ్ళిన పూట చూసి ఈయన ఒకే ఒక్క ఫోటో తీశాడు. పూల దుప్పటి మీద పడుకుని పాప నిద్రలో నవ్వుతోంది. కుడి చెంప మీద దిష్టిచుక్క. సాయంత్రానికల్లా దాన్ని మందపు కాగితం మీద కొట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త నాగశ్రీ. ఇది నీళ్ళ రంగు. తడి తగిలిందంటే కరిగిపోతాది."

బీరువాలో పట్టుచీర మడతలో దాచాను.

ఐదో నెలలో పాపకు జ్వరం వచ్చింది. కడపకు తీసుకుపోతుంటే దారిలోనే, నా ఒళ్ళోనే, ఊపిరి ఆగిపోయింది. పళ్ళు రాని బిడ్డకు దినాలు లేవు, దండ వేసిన ఫోటో లేదు. మట్టిలో పెట్టి వచ్చి స్నానాలు చేశారు. మా అత్త ఉయ్యాల విప్పించి అటక మీద వేయించి, "ఏడ్సొద్దు, మళ్ళా పుడతాది" అని నాతో చెప్పి పొయ్యి ముట్టించింది. ఆమె కంట చుక్క నీరు నేను చూడలేదు. ఆ రోజునుంచి ఆమెను అత్తా అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత ఎప్పుడో కరెంటు ఎక్కువతక్కువలకు కంప్యూటర్లో హార్డ్ డిస్కు కాలిపోయింది. ఓబుళేశు కెమెరాలో ఉన్నది అంతకుముందే తుడిచేశాడు. మా పాప ముఖం ఆ కాగితం మీద తప్ప లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. చేతులు ఆరబెట్టుకుని, అంచులు పట్టుకుని చూసుకునేదాన్ని. ఏడుపు రాబోతోందని తెలియగానే లోపల పెట్టేసి, అప్పుడు ఏడ్చేదాన్ని.

ఎండలు మొదలయ్యేసరికి ఫోటోలో పాప నుదురు పాలిపోయింది. ఆ తర్వాత చెంప. ఒక మధ్యాహ్నం తీసి చూస్తే దిష్టిచుక్క లేదు. ఒళ్ళు మండిపోయి ఫోటో పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఏం రంగు పోసినారు దీంట్లో? దుడ్లు తక్కువని, అగ్గవకు వచ్చిందని తెచ్చుకుంటిరి. నా బిడ్డ మొగం పోతాండాది!"

ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "వెలిసిపోతే అంతా వెలిసిపోవల్ల గదా. దుప్పటి మీద పూలు ఎట్లుండేవి అట్లే ఉండాయి. మొగమొకటే పోయిందంటే ఎవురో తడి తగిలించినారు," అన్నాడు.

"ఎవురు తగిలిస్తారు, మీ చేతులు గాకపోతే!"

ఆయన ఆ పూట అన్నానికి లేవలేదు.

కొన్నాళ్ళకు వీధిలోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చిందంటే బిందె తీసుకుని పోయాను. ఇంకో బిందె కోసం వెనక్కి వస్తే, తెరిచిన బీరువా ముందు నేల మీద మా అత్త కూర్చుని ఉంది. ఫోటోను రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని ముద్దులు పెడుతోంది. పాప బతికున్నప్పుడు ఎలా పెట్టేదో అలాగే, నుదుటి మీద, చెంప మీద, మళ్ళీ నుదుటి మీద. ఆమె పెదవులకు ఎరుపూ నీలమూ అంటి ఉన్నాయి.

నాకు కొండంత కోపం వచ్చింది. తీయొద్దన్నదీ నువ్వే, తుడిచేసిందీ నువ్వే అని అడగబోయాను. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఫోటో దాచుకోలేదు.

"చీర కోసం ఎతుకుతాంటే కనపడిండె," అంది. "తీసినందుకే పాయనో ఏమో అని ఒకపారి మీ మీద కోపమొస్తాది. ఇదన్నా తీయకపోయింటే నా తల్లి మొగం యాడ చూసుకుందునని ఇంకోపారి ఏడుపొస్తాది. నీ ముందర ఏడిస్తే నువ్వు బతకవని భయమమ్మా నాకు."

ఇన్నాళ్ళూ రాతిమనిషని తిట్టుకున్న ఆమె చిన్నపిల్లలా వెక్కుతోంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"అత్తా, ముద్దు పెట్టుకుంటే రంగు పోతాది," అన్నాను. "తడి తగలగూడదు దానికి. మన యామిని మొగం ఇంగ ఇదొకటే ఉండాది."

ఆమె చేత్తో పెదవులు తుడుచుకుని, చేతికంటిన రంగు చూసుకుంది. ఆమెకు అప్పుడే తెలిసింది. ఫోటోను నా వైపు చాపింది.

"దీనికి అద్దం కట్టించు. నాకు అందకుండా పెట్టు."

అంచులు పట్టుకుని తీసుకున్నాను. ఎడమ చెంప, నవ్వులో ఒక మూల మాత్రమే మిగిలాయి. అద్దం కట్టిస్తే ఆ కాస్తా నిలుస్తుంది. పాప పోయినప్పటినుంచి నేను దాన్ని ఒక్కసారైనా ముద్దు పెట్టుకోలేదు. కరిగిపోతుందని భయపడి, కన్నదాన్నయ్యుండీ దూరంనుంచే చూశాను. మా అత్త పక్కన నేల మీద కూలబడి, ఆ మిగిలిన చెంపను నా నోటికి ఆనించుకున్నాను.

"సాలు లేమ్మా, పోతాది, ఇంగ సాలు," అంటూ అత్త నా తల నిమురుతూనే ఉంది. నేను వదల్లేదు.