ఉమామహేష్ గారి పదమూడు వేల అడుగులు

సూర్యకళకు భర్త మీద అనుమానం వచ్చింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇది మొదటిసారేమీ కాదు గానీ, మనిషి బుద్ధిగా ఉంటున్నందుకు అనుమానం రావడం మాత్రం ఇదే మొదలు.

మల్కాపురంలో వాళ్ళ వీధికి వార్డు ఆరోగ్య కేంద్రం వాళ్ళు ‘వంద రోజుల నడక’ అని ఒక కార్యక్రమం తెచ్చిపెట్టారు. నర్సు నిఖిత ఇంటింటికీ తిరిగి, నలభై దాటిన వాళ్ళందరి వేళ్ళూ పొడిచి, సుగరున్న వాళ్ళ ఫోన్లలో అడుగులు లెక్కపెట్టే యాప్ వేసిపోయింది. ఉమామహేష్‌కి రెండు వందల ముప్పై వచ్చింది. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. అరవై అడుగుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఓడల్లోంచి బరువులెత్తి రేవు మీద దించడం ఆయన పని. సుగర్ లొంగకపోతే ఇన్సులిన్ పెడతారనీ, ఇన్సులిన్ పెడితే తనని క్రేన్ మీంచి దింపేసి ఏ స్టోర్సులోనో కుర్చీ వేస్తారనీ ఆయన భయం. అందుకే మర్నాడే బూట్లు కొన్నాడు.

పక్కింటి మోహనకృష్ణ అప్పటికే వాకింగ్ క్లబ్బు పెట్టేశాడు. పన్నెండుమంది మగవాళ్ళు, పన్నెండు ఆకుపచ్చ టీషర్టులు. పొద్దున్న అయిదున్నరకి వెళ్ళి ఏడున్నరకి తిరిగొచ్చేవారు. ఫోన్లలో రోజుకి పదమూడు వేల అడుగులు. వార్డు మొత్తానికి వీళ్ళే మొదటి స్థానంలో ఉన్నారని, వందో రోజున ‘ఆరోగ్య వీధి’ అని బోర్డు ఇస్తారని నిఖిత చెప్పింది. ఆ బోర్డు ఎవరి గోడకి కొట్టాలన్న విషయంలో మోహనకృష్ణకి సందేహమేమీ లేదు.

సూర్యకళ తణుకులో బీఏ చదివినప్పుడు లాజిక్ ఒక పేపరు. పెళ్ళయ్యాక అది పప్పు డబ్బాల వెనక్కి పోయిందనుకుంది గానీ పోలేదు. పదమూడు వేల అడుగులు నడిచొచ్చిన మనిషికి చెమట పట్టలేదేం? రెండు నెలలు తొడిగిన బూట్ల అడుగున కంపెనీ పేరు అక్షరం చెరగకుండా ఉందేం? ఇంట్లో రెండు ఇడ్లీలు పెడితే ఒకటి వదిలేసి, ‘చాలు, డైట్’ అంటున్నాడేం?

ఇంకొకటి. ఆయన ఫోన్ చేపల వాసన కొడుతోంది. ఒకరోజు తుడుద్దామని కవర్ ఊడదీస్తే లోపల వెండి బిళ్ళలా ఒక పొలుసు అంటుకుని ఉంది.

వాళ్ళ వీధికి చేపలు తెచ్చేది నూకాలు. ఒడ్డు దగ్గర పడవలు రాగానే సరుకు దింపుకుని, తట్ట నెత్తినెత్తుకుని, తెల్లారేసరికి కాలనీల్లో కేక వేస్తుంది. సరిగ్గా ఉమామహేష్ ఇల్లు చేరిన పది నిమిషాలకి వీళ్ళ గుమ్మంలో తట్ట దించుతుంది. మునుపు ఆయన ఆమెతో చవక చేప కానాగంత దగ్గర కూడా గొంతు చించుకుని బేరమాడేవాడు. ఇప్పుడు ఆమె ఎంత చెబితే అంత ఇచ్చి, పైగా ‘కాళ్ళు జాగ్రత్త నూకాలూ’ అంటున్నాడు. యాభై దాటిన నూకాలు, నలుగురు మనవలు. అనుమానాన్ని ఆ దారిన పంపితే ఇద్దరికీ అవమానమని సూర్యకళ మానుకుంది.

నవంబరులో వాయుగుండం పట్టింది. పోర్టులో హెచ్చరిక జెండా ఎక్కింది, మూడు రోజులు ఎవరూ వేటకి వెళ్ళలేదు. మల్కాపురంలో మాత్రం చినుకు లేదు. క్లబ్బు రోజూలాగే బయల్దేరింది, రోజూలాగే తిరిగొచ్చింది. సూర్యకళ యాప్ తెరిచి చూసింది. నాలుగు వందల పది. మూడు వందల తొంభై. అయిదు వందల రెండు. నాలుగో రోజు పడవలు కదిలాయి. పదమూడు వేల నాలుగు వందల పన్నెండు.

సముద్రంలో పడవ కదలకపోతే మల్కాపురంలో మా ఆయన కాలెందుకు కదలదు? ఈ ప్రశ్న లాజిక్ పేపర్లో వచ్చి ఉంటే మార్కులు బాగానే పడేవి.

నవ్వుకునేదే. కానీ ఆ శుక్రవారం ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీసింది. సుగర్ రెండు వందల నలభై. ఇంత నడిచినా పెరిగిందంటే నడక ఈయనకి పనిచేయడం లేదని, వచ్చే శుక్రవారం కూడా ఇలాగే ఉంటే మాత్ర రెట్టింపు చేస్తానని, అప్పటికీ దిగకపోతే ఇన్సులినేనని చెప్పింది. ఉమామహేష్ తలూపాడు. సూర్యకళ ఆయన తల వంక కాక కాళ్ళ వంక చూసింది.

బుధవారం పొద్దున్న పాల ప్యాకెట్ వంకతో ఆమె వెనకే వెళ్ళింది. క్లబ్బు మెయిన్ రోడ్డు దాకా నడిచింది. అక్కడ టిఫిన్ బండి దగ్గర ఆగింది. ఆగినట్టు కాదు, చేరినట్టు ఆగింది. పన్నెండు స్టూళ్ళు ముందే వేసి ఉన్నాయి. నీళ్ళ ట్యాంకర్ చాటునుంచి సూర్యకళ చూస్తుండగా నూకాలు తట్టతో వచ్చింది. మోహనకృష్ణ గుడికి చందా పోగు చేసినట్టు అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచీలో వేసి ఆమె చేతికిచ్చి, ఏడున్నర లోపు బండి దగ్గరికి తెచ్చెయ్యమన్నాడు. నూకాలు సంచీని భుజానికి తగిలించుకుని, చెయ్యూపుకుంటూ కాలనీల వైపు కదిలింది. పన్నెండుమంది మగవాళ్ళూ పూరీకి కూర ఎక్కువ వేయమన్నారు. తన భర్త మైసూరు బజ్జీ కూడా చెప్పాడు.

సూర్యకళకు కోపం వచ్చే ముందు నవ్వొచ్చింది. నవ్వు అయ్యేలోపు శుక్రవారం గుర్తొచ్చింది. నడవని మనిషికి, నడిచిన మనిషని నమ్మి రెట్టింపు మందు ఇస్తారు. ఏదో ఒక రోజు ఆ బజ్జీ దొరకదు, డ్యూటీకి ఆలస్యమై ఏమీ తినకుండా మాత్ర మింగి క్రేన్ ఎక్కుతాడు. పైన కళ్ళు తిరుగుతాయి. కింద మనుషులుంటారు.

ఆ పూట నూకాలు తట్ట దించాక, ఉమామహేష్ స్నానానికి వెళ్ళాడని చూసుకుని అడిగింది.

“ఆ ఫోన్లెందుకు మోస్తున్నావే?”

నూకాలు తట్టలో చేపలు సర్దుతూ తలెత్తలేదు. “నడిత్తే సార్జింగ్ ఎక్కుద్దని మోహనకిష్ణ బాబు సెప్పినాడమ్మా.”

“నువ్వు నమ్మావా?”

“నాకూ ఫోనుందమ్మా, నాకు తెల్దా ఏటి? పెద్దోలు సెప్పినప్పుడు తలూపాల కదా. బేరం ఆడకుండా పన్నెండు కొంపలోలు సేపలు కొంతన్నారు, నాకేటి నట్టం?”

“నీ సుగరెంత?”

నూకాలు అప్పుడు తలెత్తింది. “నా సుగర్ సూసినోలెవురమ్మా? మీ కేంద్రం తొమ్మిదికి తెరుత్తారు. తొమ్మిదికి నాను మింది కాలనీల్లో తిరుగుతుంటాను. కాలు తిమ్మిరెక్కుతంది, వయసు అనుకుంతన్నాను.”

నిఖిత వీధిలో అందరి వేళ్ళూ పొడిచింది గానీ వీధిలో నడిచిపోయే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. సూర్యకళ శుక్రవారం ఒక్కరోజు తట్ట తమ అరుగు మీద పెట్టి ఆరోగ్య కేంద్రానికి రమ్మంది. ఎందుకని నూకాలు అడగలేదు. బహుశా తట్ట ఖాళీ చేసే పూచీ సూర్యకళదేనని అనుకుంది.

భర్తకి మాత్రం ఒక అవకాశం ఇద్దామనుకుంది. గురువారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, మందు అట్టపెట్టెలోని కాగితం పేపర్లో వార్త చదివినట్టు పైకి చదివింది. మోతాదు ఎక్కువైతే చెమటలు, వణుకు, చూపు మసక, స్పృహ తప్పడం.

“అరవై అడుగుల ఎత్తున ఇవన్నీ వస్తే ఎలా ఉంటుందండీ?”

ఉమామహేష్ మజ్జిగ పోయమన్నాడు. గ్లాసు ముందుకు జరిపి, ఎవరితోనో అన్నట్టు, బోర్డు వచ్చేదాకా ఓపిక పట్టాలని మోహనకృష్ణ అంటున్నాడన్నాడు. ఒకడు నోరు జారితే పన్నెండుమంది పరువూ పోతుందట. సూర్యకళ మజ్జిగ పోసింది. పరువుకి సుగర్ ఎంతుందో ఎవరూ చూడలేదు కాబోలు.

శుక్రవారం ఆరోగ్య కేంద్రం వరండాలో ఆకుపచ్చ టీషర్టులన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. మోహనకృష్ణ లేచి, “రా బావా, మన క్లబ్బు ఫొటో తీస్తారట” అన్నాడు. లోపల డాక్టరమ్మ ఒక చేత్తో ఉమామహేష్ ఫోనూ, ఒక చేత్తో రిపోర్టూ పట్టుకుంది. రెండు వందల యాభై రెండు. ఆమె కలం తీసింది.

సూర్యకళ భర్త వైపు చూసింది. ఆయన గోడ మీద దోమల పోస్టర్ని పరీక్షకి చదువుతున్నంత శ్రద్ధగా చదువుతున్నాడు. కలం కాగితానికి ఆనింది.

“చిన్న మనవి డాక్టరుగారూ,” అంది సూర్యకళ. “రాసే ముందు, ఈ అడుగులు వేసిన మనిషికి సుగరెంతో కూడా చూడండి.”

“ఆయనకి చూశాం కదమ్మా.”

సూర్యకళ తలుపు వైపు తిరిగి నూకాలుని పిలిచింది. నూకాలు చెప్పులు బయట విడిచి, కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. డాక్టరమ్మ ఆమె వంకా, ఫోన్ వంకా, ఉమామహేష్ వంకా చూసింది. సూర్యకళ ఇంక మాట్లాడకూడదని పళ్ళు బిగబట్టింది. మిగతాది ఆయన నోటితోనే రావాలి, లేకపోతే రేపు ఇంకో నూకాలు దొరుకుతుంది.

ఉమామహేష్ పోస్టర్ ఆఖరి వరస దాకా చదివేశాడు. చదవడానికి ఇంకేం మిగల్లేదు.

“ఆ నడక నాది కాదండి,” అన్నాడు. “రెండు నెలల్నుంచి నేను నడవలేదు. పూరీలు తింటున్నాను.”

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. పాత మాత్రే, పాత మోతాదేనని, నెల రోజులు సొంత కాళ్ళతో నడిచి, పూరీ బండి దిక్కు చూడకుండా రమ్మని చెప్పింది. ఇన్సులిన్ మాట అప్పుడు చూద్దామంది. ఆయన భుజాలు అరవై అడుగులు కిందికి దిగినట్టయ్యాయి. తర్వాత ఆమె నిఖితని పిలిచి, బయట ఉన్న క్లబ్బు వాళ్ళ కార్డులన్నీ తెమ్మంది.

వరండాలో కుర్చీలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి. నిఖిత వెళ్ళేసరికి గేటు దాటుతున్న ఆకుపచ్చ వీపులు కనిపించాయి. క్లబ్బు పుట్టాక వాళ్ళు అంత వేగంగా నడవడం అదే మొదటిసారి.

నిఖిత తిరిగొచ్చి నూకాలు వేలు పొడిచింది, చేతికి బీపీ పట్టీ చుట్టింది. సుగర్ నూట రెండు. బీపీ మాత్రం నూట డెబ్భై. డాక్టరమ్మ మొహం ఈసారి నిజంగా మారింది. మాత్ర ఇస్తాననీ, తట్ట బరువు తగ్గించుకోవాలనీ, పొద్దున్నే వచ్చి వెళ్ళేలా ఆమె కోసం ఏడు గంటలకే ఒక మనిషిని పెడతాననీ చెప్పి, కొత్త కార్డు తీసింది.

నూకాలు కార్డు మీదికి వంగి చూసింది. ఇన్నాళ్ళూ పన్నెండుమంది పేర్ల మీద నడిచిన మనిషి, సూర్యకళ కంటే ఎక్కువ అనుమానంగా అడిగింది.

“దీని మీద ఎవురి పేరు రాత్తన్నావమ్మా?”